పొలముదారి బండికి కమాను కట్టయా, చుట్ట స్ప్రింగా?

ధాన్యమును కల్లమునుండి మిల్లునకును, ఎరువును గిడ్డంగినుండి పొలమునకును చేరవేయుటకై మన ప్రాంతపు రైతులలో పలువురు సొంత మోటారు బండ్లను కొనుచున్నారు. కొందఱు చిన్న సరకుబండ్లను, కొందఱు నాలుగు చక్రములకును ఇంజను శక్తి నందించు జీపులను కోరుచున్నారు. కొనునపుడు ఇంజను బలమును, డీజిలు ఖర్చును, నెలవాయిదాను అందఱును విచారింతురు. బండి క్రిందికి వంగి, చట్రమునకును ఇరుసునకును నడుమ నున్న స్ప్రింగు ఎట్టిదని అడుగువారు మాత్రము అరుదు. పొలముదారిని తిరుగు బండి ఎన్నాళ్లు మన్నునో చాలవఱకు నిర్ణయించునది ఆ స్ప్రింగే. నిండు బస్తాలతో బండి గెడ్డ దాటుచుండగా పట్టీ విఱిగి ఇరుసు ప్రక్కకు జరిగినచో, పోవునది పట్టీ వెల మాత్రమే కాదు. సరకు, నాటి పని, ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణము కూడ పోవును. కావున కమాను కట్టకును చుట్ట స్ప్రింగునకును గల భేదమును, ఎవరి పనికి ఏది తగునో ఆ విషయమును ఈ సంచికలో వివరింప దలచితిమి.

స్ప్రింగు చేయు పని

నాటుబండికి స్ప్రింగు లేదు. చక్రము రాతిపై నెక్కినచో పెట్టెయు, బరువును, తోలువాడును ఒక్కసారిగా ఎగిరిపడుదురు. ఎద్దుల నడక మెల్లనిది గనుక అది సాగినది. వేగము హెచ్చినకొలది దెబ్బయు హెచ్చును. గుఱ్ఱపు పరుగునకు తాళుటకే జట్కాబండి పెట్టె క్రింద విల్లువలె వంచిన ఉక్కుపట్టీలను అమర్చిరి. ఇంగ్లండులో ఓబడయా ఎలియట్ అను బండ్ల తయారీదారు 1804లో ఇట్టి పట్టీల అమరికకు పేటెంటు పొందెను. మోటారుబండి పుట్టినపుడు గుఱ్ఱపుబండి క్రింది పట్టీలే దాని క్రిందికిని వచ్చినవి.

మోటారుబండి స్ప్రింగు బరువును మోయవలెను. గోతి దెబ్బను తాను మ్రింగి మెల్లగా విడువవలెను. ఎత్తుపల్లములలో ప్రతి చక్రమును నేలను వీడకుండ నొక్కి పట్టవలెను. ఇవి గాక మఱియొక పని కలదు. ఇరుసు ముందు వెనుకలకును, ప్రక్కలకును జరుగకుండ దానిని ఎవరో పట్టియుంచవలెను. ఈ పనిని కమాను కట్ట తానే చేయును. చుట్ట స్ప్రింగు చేయలేదు. రెండింటికిని గల ముఖ్యభేదము ఇదియే. తక్కిన గుణదోషములలో చాలభాగము దీనినుండియే పుట్టుచున్నవి.

కమాను కట్ట

పొడవైన ఉక్కుపట్టీలను కొంచెము వంచి, పెద్దదానిపై చిన్నదానిని పేర్చి, నడుమ ఒక బోల్టుతో బిగించినది కమాను కట్ట. అన్నిటికంటె పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు కొనలును గుండ్రముగా చుట్టబడి కన్నులుగా నుండును. ఒక కన్ను చట్రమునకు స్థిరముగా బిగింపబడును. రెండవ కన్ను షాకిలు అను ఊగు బద్దకు తగిలింపబడును. బరువు పడినపుడు పట్టీ చదునై పొడవగును గనుక దానికి ఈ ఊగు చోటు కావలెను. కట్ట నడిమి భాగమును యూ-బోల్టులు ఇరుసునకు పట్టియుంచును.

ఇట్లు ఒక్క వస్తువే బరువును మోయుచు ఇరుసును కూడ పట్టుచున్నది. భాగములు తక్కువ, వెలయు తక్కువ. బరువు చట్రముపై ఒక్కచోట గాక రెండుచోట్ల పంచుకొనబడును. పట్టీలు ఒకదానిపై నొకటి రాచుకొనుటచే ఊపు త్వరగా అణగును.

ఆ రాపిడియే ఒక దోషము కూడ. చిన్న గతుకులకు పట్టీలు కదలక బిగిసియుండుటచే దెబ్బ సూటిగా పెట్టెకు చేరును. బురదయు, ఇసుకయు పట్టీల నడుమ దూరి, త్రుప్పు పట్టినచో కట్ట ఇంకను మొండిదగును. ఇంకొక దోషమేమనగా, ఏటవాలు దారిలో బరువుతో బండిని ఒక్కసారి లాగించినపుడు ఇరుసు తిరుగబోవుటచే కట్ట మెలిపడి, వెనుకభాగము దడదడ కొట్టుకొనును. ఈ రాపిడిని తగ్గించుటకే పారాబోలిక్ కట్టలు వచ్చినవి. వీనిలో పట్టీలు కొద్దివి. నడుమ దళసరిగను కొనలకు పలుచగను ఉండును. నడుమను కొనలను తప్ప ఒకదానినొకటి తాకవు.

చుట్ట స్ప్రింగు

గుండ్రని ఉక్కుకడ్డీని చుట్టలుగా త్రిప్పినది చుట్ట స్ప్రింగు. బరువు పడినపుడు చుట్టలు దగ్గఱకు చేరును. కాని నిజముగా జరుగునది కడ్డీ మెలితిరుగుటయే. దీనిలో రాపిడి దాదాపు లేదు. కావున చిన్న గతుకునకు కూడ మెత్తగా లొంగును. రాపిడి లేదు గనుకనే ఒకసారి ఊగిన పిమ్మట ఆగదు. మంచి షాకబ్జర్బరు లేనిచో బండి ఉయ్యాలవలె ఊగుచు పోవును. కమాను బండికి చెడిన షాకబ్జర్బరు కొంతకాలము సహ్యము. చుట్టబండికి అది ప్రమాదము.

చుట్ట ఇరుసును పట్టియుంచలేదని ముందే చెప్పితిమి. కావున ముందు వెనుకల జరుగకుండ పొడవు చేతులును, కొన్ని బండ్లలో ప్రక్కకు జరుగకుండ ఒక అడ్డకడ్డీయు వేఱుగా అమర్చవలెను. ప్రతి చేతికి రెండు కొనలందును రబ్బరు బుష్షులుండును. పనులు ఇట్లు వేఱుపడుటచే తయారీదారునకు స్వేచ్ఛ కలిగినది. చుట్టను మెత్తగా చేసి, చక్రము చాల దూరము క్రిందికి దిగునట్లును, పైకి లేచునట్లును అమర్చవచ్చును. ఇందులకు ప్రతిఫలముగా భాగములు పెరిగినవి, బుష్షులు పెరిగినవి, వెల పెరిగినది.

చుట్ట బరువు మోయలేదను మాట తఱచు వినబడుచున్నది. ఇది సరికాదు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో ప్లాట్‌ఫారముపై నిలిచి చూచినవారికి దీనికి జవాబు దొరకును. పూర్వపు నాలుగు చక్రముల సరకు వ్యాగనులకు పట్టీల కట్టలుండెడివి. నేటి బాక్స్ఎన్ వ్యాగనులు ఖాళీగా సుమారు 22 టన్నులు, నిండుగా సుమారు 81 టన్నులు తూగును. ఆ బరువంతయు చుట్టలపైననే నిలుచుచున్నది. అయితే అక్కడ చక్రములను, ఇరుసును పట్టియుంచుటకు బోగీ యను బలమైన ఉక్కుచట్రము వేఱుగా కలదు. ఊపును అణచుటకు రాపిడి దిమ్మలు కలవు. క్రింద నున్నది నునుపైన పట్టా. ఈ మూడును లేని డొంకదారిలో బండికి ఏమి కావలెనని విచారించుటయే మన పని.

బరువు లెక్క

సరకుబండికి అసలు చిక్కు బరువు మోయుట కాదు. ఖాళీ బరువునకును నిండు బరువునకును గల పెద్ద భేదమును తట్టుకొనుట. దీనిని ఒక ఊహాలెక్కతో చూపెదము.

వెనుక చక్రములలో ఒక్కొక్కదానిపై ఖాళీగా నున్నపుడు 200 కిలోలు పడుననుకొందము. 40 కిలోల బస్తాలు 25 ఎక్కించినచో 1000 కిలోలు. లెక్క సులభమగుటకు అదంతయు వెనుక చక్రములపైననే సమముగా పడెననుకొన్నచో, ఒక్కొక్క చక్రముపై 500 కిలోలు హెచ్చి 700 కిలోలగును. ఖాళీ బండి పెట్టె క్రిందికి దిగుటకు 9 సెంటీమీటర్ల ఎడము కలదనుకొందము.

సెంటీమీటరునకు 40 కిలోల చొప్పున లొంగు మెత్తని చుట్టను వేసినచో, బస్తాలు ఎక్కగానే అది పన్నెండున్నర సెంటీమీటర్లు దిగవలెను. ఉన్న ఎడము 9 మాత్రమే. కావున బండి కదలకముందే అడుగు తగులును. సెంటీమీటరునకు 80 కిలోల గట్టి చుట్టను వేసినచో ఆఱుంపావు దిగి నిలుచును. గోతి దెబ్బకు ఇంకను కొంత చోటు మిగులును. కాని ఖాళీగా తిరిగి వచ్చునపుడు అది మునుపటికంటె రెట్టింపు మొండిదై బండిని ఎగురవేయును.

ఇప్పుడు కమాను కట్ట పైన హెల్పరు కట్టను అమర్చిన పద్ధతిని చూడుడు. మొదటి 3 సెంటీమీటర్ల వఱకు క్రింది కట్ట ఒక్కటే సెంటీమీటరునకు 40 కిలోల చొప్పున లొంగును. అంతటితో 120 కిలోలు మోసినట్లయ్యెను. అటుపిమ్మట హెల్పరు కట్ట తగిలి, రెండును కలసి సెంటీమీటరునకు 120 కిలోల చొప్పున మోయుననుకొన్నచో, మిగిలిన 380 కిలోలకు 3 సెంటీమీటర్లకు కొంచెము హెచ్చుగా దిగును. మొత్తము ఆఱుంపావునకు లోపల. అనగా ఖాళీ బండికి మెత్తని స్ప్రింగు, నిండు బండికి గట్టి స్ప్రింగు, రెండును ఒకేచోట దొరకినవి. చుట్టలను ఎడము మార్చి చుట్టియు, రబ్బరు దిమ్మలు చేర్చియు ఇట్టి ఫలమును కొంతవఱకు సాధింపవచ్చును. కాని తక్కువ వెలలో, ఇంత పెద్ద భేదమునకు కమాను పద్ధతియే నేటికిని సులభము.

ఎత్తుపల్లముల నేల

బరువు తక్కువై నేల చెడ్డదైనచో తీర్పు మాఱును. కాలువగట్టు దిగి పొలములో ప్రవేశించునపుడు ఒక ముందు చక్రము గట్టుమీదను, రెండవది మడిలోను ఉండును. అట్టిచోట పల్లపు చక్రము దిగి నేలను తాకకున్నచో, దానికి పట్టు పోయి గాలిలో ఊరక తిరుగును, బండి నిలిచిపోవును. చుట్టస్ప్రింగు గల బండిలో చక్రము ఎక్కువ దూరము దిగగలదు గనుక పట్టు నిలుచును. వంశధార, నాగావళి వఱదలు వచ్చిన పిమ్మట తెగిన దారులలోను, 2018 అక్టోబరు నాటి తితిలీ వంటి తుపానుల తరువాత చెట్లు, మట్టి అడ్డుపడిన దారులలోను మనుష్యులను, మందులను చేర్చవలసినవారికి ఈ గుణము అమూల్యము.

పాలకొండ దాటి సీతంపేట కొండలకు పోవువారి సంగతి వేఱు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని ఈ గూడెములనుండి జీడిపిక్కలు, చింతపండు, పసుపు, అనాస క్రిందికి దిగుచుండును. ఎక్కునపుడు బండి దాదాపు ఖాళీ. దిగునపుడు నిండు బరువు. ఇచ్చట పైన చెప్పిన ఖాళీ నిండుల భేదమే ముఖ్యము, మెత్తదనము రెండవది.

తయారీదారులు చూపిన దారి

1941 నుండి యుద్ధమునకై తయారైన విల్లీస్ జీపునకు నాలుగు మూలలను కమాను కట్టలే. ఆ జీపును మహీంద్రా వారు 1947లో బొంబాయిలో కూర్చుట ఆరంభించిరి. 1948లో వెలువడిన లాండ్ రోవరునకును కట్టలే. 1970లో అదే సంస్థ రేంజ్ రోవరునకు నాలుగు ప్రక్కలను చుట్టలు వేసి, డొంకదారికి చుట్ట తగదను మాటను త్రోసిపుచ్చెను. 1983లో లాండ్ రోవరు 110 పనిబండికిని చుట్టలే వేసెను. టొయోటా వారి 70 వరుస లాండ్ క్రూజరు 1999లో ముందు చుట్టలకు మాఱెను. వెనుక కట్టలను మాత్రము విడువలేదు.

మన దేశములో 1985లో వచ్చిన మారుతీ జిప్సీకి నాలుగు కట్టలు. 2019లో దాని సాధారణ అమ్మకము ఆగిన పిమ్మట, 2023లో వచ్చిన జిమ్నీకి నాలుగు చుట్టలు. 2010 నాటి మహీంద్రా థారునకు వెనుక కట్టలుండగా, 2020 నాటి క్రొత్త థారునకు వెనుక కూడ చుట్టలు వచ్చినవి. ఇవి ముఖ్యముగా మనుష్యులను మోయు బండ్లు. 2005లో వచ్చిన టాటా ఏస్ సరకుబండికి ముందు వెనుకల కట్టలే. 2022లో మన దేశములో అమ్మకమునకు వచ్చిన టొయోటా హైలక్సునకు ముందు చుట్ట, వెనుక కట్ట. లాండ్ రోవరు 110 వంటి వానిని మినహాయించినచో, మనుష్యుల బండి చుట్టవైపునకు పోవుచున్నది, సరకుబండి వెనుక భాగము కట్టను పట్టుకొనియే యున్నది. ఇది అలవాటు వలన కాదు. పైన చూపిన లెక్క వలన.

విఱిగినపుడు

కమాను కట్టలో చిన్న పట్టీ ఒకటి విఱిగినచో బండి కొంచెము వాలును. మెల్లగా ఇల్లు చేరవచ్చును. మెయిన్ పట్టీ కన్నువద్ద విఱిగినచో, లేదా నడిమి బోల్టు తెగినచో ఇరుసు జరిగి బండి ప్రక్కకు లాగును. అది పెద్ద ప్రమాదము. కొన్ని కట్టలలో రెండవ పట్టీ మొదటిదాని కన్నును కొంత చుట్టుకొని యుండును. అది ఇట్టి సమయమున ఇరుసును నిలుపును. కట్టల మరమ్మతు లారీలు ఆగు ప్రతి పట్టణమునను దొరకును. 16వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన ఈ పనివారికి కొఱత లేదు. విఱిగిన పట్టీని మాత్రమే మార్చుకొనవచ్చును.

చుట్ట విఱుగుట అరుదు. విఱిగినను ఇరుసును చేతులు పట్టియుంచును గనుక బండి దారి తప్పదు. కాని ఆ మూల కూలబడును, విఱిగిన కొన టైరును కోయవచ్చును. దానిని కొలిమిలో బాగుచేయుట లేదు. కంపెనీ భాగమునే తెప్పించవలెను. మఱియు నొక్కియున్న చుట్ట వదలినచో తుపాకిగుండు వలె ఎగురును. దానిని నొక్కి పట్టు సాధనము లేక విప్పబోవువాడు ప్రాణముతో చెలగాటమాడినట్లే.

త్రుప్పు విషయమున ఒక మాట. చుట్ట గట్టిదనము కడ్డీ మందము నాలుగవ ఘాతమును బట్టియు, పట్టీ గట్టిదనము దాని మందము మూడవ ఘాతమును బట్టియు నుండును. కడ్డీ మందము పదవవంతు తఱిగినచో చుట్ట బలములో సుమారు మూడవవంతు పోవును; పట్టీలన్నియు అంతే తఱిగినచో కట్ట బలములో నాలుగవవంతునకు మించి పోవును. కళింగపట్నము వైపు ఉప్పుగాలిలో తిరుగు బండ్లవారు దీనిని మఱవరాదు.

పట్టీలు చేర్చుట మందు కాదు

బండి కూలబడుచున్నదని కట్టకు మఱి రెండు పట్టీలు చేర్చుట మన ప్రాంతమున తఱచు జరుగుచున్నది. దీనివలన పెట్టె ఎత్తుగా నిలుచును గాని, బ్రేకులు, టైర్లు, ఇరుసు, బేరింగులు మునుపటివే. కట్ట మోసిన హెచ్చు బరువును అవి మోయలేవు. వాలున దిగునపుడు ఆగవలసిన బండి ఆగదు. ఇది గాక, తయారీదారుడు రిజిస్ట్రేషను నాటికి చూపిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. సుప్రీం కోర్టు 2019 జనవరిలో దీనిని దృఢపఱచెను. కట్టలు తీసి చుట్టలు వేయించుటకును ఇదే అడ్డు. హెచ్చు బరువు వేసినచో, 2019 సవరణ ప్రకారము జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు.

మా అభిప్రాయము

ధాన్యము, ఎరువు, చెఱకు, గోగునార మోయుటయే ముఖ్యమైన పని యైనవారు వెనుక కమాను కట్టలు గల బండినే కొనవలెను. ముందు చుట్ట యున్నను బాధ లేదు; మేలే. ముఖ్యముగా మనుష్యులను, కొద్దిపాటి సామానును చెడ్డదారిలో చేర్చువారికి నాలుగు చుట్టల బండి తగును. అయితే షాకబ్జర్బర్లకు, బుష్షులకు ఏటేట కొంత సొమ్ము వేఱుగా ఉంచుకొనవలెను. రెండు పనులును ఒకే బండితో చేయువారు తమ ఏడాదిలో నిండు బరువు దినములు ఎన్నో, ఖాళీ దినములు ఎన్నో కాగితముపై వ్రాసి లెక్కించి, హెచ్చైన పనికి తగినదానిని ఎంచుకొనవలెను. దుకాణము ముందరి తారురోడ్డుపై పది నిమిషములు కూర్చుండి చూచిన మెత్తదనమును బట్టి నిర్ణయింపరాదు.

పాతబండి కొనువారు ఈ క్రింది విషయములను చూడవలెను.

1. సమమైన నేలపై బండిని ఖాళీగా నిలిపి, చక్రపు నడుమనుండి పైరెక్క అంచువఱకు నాలుగు చోట్ల కొలువుడు. కుడి ఎడమలకు భేదము హెచ్చుగా నున్నచో స్ప్రింగు అలసినదని అర్థము.

2. కట్టలను కడిగించి, ప్రతి పట్టీని పగుళ్లకై చూడుడు. రెండు ప్రక్కల పట్టీల లెక్క సమముగా నున్నదా యని ఎంచుడు. పట్టీ చేర్చియున్నచో బండి మితిమీరిన బరువు మోసినదని తెలియును.

3. యూ-బోల్టుల నట్లు బిగువుగా నున్నవా, నడిమి బోల్టు తల తన గుంటలో సరిగా కూర్చున్నదా, షాకిలు బుష్షులు అఱిగినవా చూడుడు.

4. చుట్టబండి యైనచో చుట్టల క్రింది కొనలను, అవి కూర్చుండు గిన్నెలను త్రుప్పునకై చూడుడు. చేతుల బుష్షులను ఇనుపకడ్డీతో కదలించి చూడుడు.

5. షాకబ్జర్బరుపై నూనె కాఱిన గుఱుతు ఉన్నచో అది చెడినది. బండి మూలను నొక్కి విడిచినపుడు ఒకటి రెండు ఊపులలో ఆగవలెను.

6. క్రొత్త కట్ట వేయించిన తరువాత కొద్దిదినములు తిరిగి, యూ-బోల్టులను మఱల బిగింపించుడు. పట్టీలు సర్దుకొనుటచే అవి వదులగును. ఈ చిన్న పనిని మఱచుటచే నడిమి బోల్టు తెగిన బండ్లు పెక్కు.

వానకాలము ముగియగానే కట్టల నడుమ బురదను నీటితో కడిగించుట, గ్రీజు పెట్టు కన్నులు గలచోట గ్రీజు పెట్టించుట, కంపెనీ పుస్తకములో చెప్పనిచో పట్టీలకు పాతనూనె పూయకుండుట మంచిది. ఆ నూనె దుమ్మును పట్టి, రబ్బరు బుష్షులను చెఱచును.

అప్పు చేసి కొన్న బండి అప్పు తీఱువఱకైనను పని చేయవలెను. అది కొన్ననాటి ఎంపిక మీదను, తరువాత వేయు బరువు మీదను ఆధారపడియుండును. ఈ విషయమున తమకు గలిగిన అనుభవములను సభ్యులు వ్రాసి పంపినచో, పలువురకు ఉపయోగపడు వానిని రాబోవు సంచికలలో ప్రకటింతుము.